లోపలి పలక మీది గంధం బొట్టు

పోయిన వారం మనం తబితను ఓ ఉక్కుపెట్టెలోకి తల దూర్చి, చేతిలో టార్చిలైటుతో, ఊపిరి బిగబట్టి నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆ పిల్ల అలాగే వంగి ఉంది పాపం. ఆమె నడుం ఎత్తేలోపు, కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటి నుంచీ వెంట వస్తున్నవాళ్ళు ఈ కాసేపట్లో కాఫీ కలుపుకుని రావచ్చు.

రాజమండ్రి దాటాక కాలవ గట్టున ఉన్న ఒక కాలేజీలో దుర్గాప్రసాదరాజు గారు ఫిజిక్సు ప్రొఫెసరు. భీమవరం దగ్గరి వాళ్ళు. అన్నదమ్ములందరూ రొయ్యల చెరువులు తవ్వుకుంటే ఈయనొక్కరూ హైడ్రోజన్ అయాన్లను పట్టుకుని కూర్చున్నారని బంధువుల్లో కాస్త చిన్నచూపు. కొండను తవ్వి ఎలుకను పడుతున్నాడని తోడల్లుడు ప్రతి పెళ్ళిలోనూ వేళాకోళం చేస్తాడు. ఎలుక కూడా కాదు బావా, అంతకంటే చాలా చిన్నది అని ఈయన ఒప్పేసుకుంటారు. భార్య నీలవేణి గారు పోయి కొన్నేళ్ళయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ ప్రయోగశాల.

తబిత అక్కడే పిహెచ్.డి. చేస్తోంది. పెనుగొండ పక్క పల్లెలో లూథరన్ బడి మాస్టారుగా పని చేసి పోయిన ఏసురాజు గారి అమ్మాయి. తెలివైనది. నోరు తక్కువ, పట్టుదల ఎక్కువ.

ఇక వాళ్ళు చేసే పని. హైడ్రోజన్ అణువులోంచి ఒక ఎలక్ట్రానును ఊడగొడితే మిగిలేది రెండు ప్రోటాన్లు, ఆ రెంటినీ కలిపి ఉంచే ఒక్క ఎలక్ట్రాను. ఇంతకంటే చిన్న సంసారం సృష్టిలో లేదు. ఆ అయాన్లను వేగంగా తరిమి పల్చటి వాయువులోంచి పంపితే, దారిలో దేన్నో గుద్దుకుని విడిపోతాయి. ఎలక్ట్రాను ఒకరి వాటాకి పోతుంది. రెండోది ఉత్త ప్రోటానుగా మిగిలిపోతుంది. విడిపోయేటప్పుడు అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపుడు ఎంత గట్టిదో కొలవగలిగితే, విడిపోకముందు లోపల అవి ఎలా ఉండేవో చెప్పగలం.

నర్సాపురం రేవులో పంటు ఎక్కినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పోతున్న పంటు మీద ఇద్దరు ఒకరినొకరు తోసుకుంటే, ముందుకు పడేవాడి వేగానికి పంటు వేగం తోడవుతుంది. వెనక్కి పడేవాడి వేగం అందులోంచి తగ్గుతుంది. గట్టు మీంచి చూసేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ప్రోటాన్లదీ అదే లెక్క. ఏ శక్తితో ఎన్ని వచ్చాయో గ్రాఫు గీస్తే నడుమ ఒక పల్లం, దానికి అటొక గుట్ట, ఇటొక గుట్ట. ప్రపంచంలో ఎవరు కొలిచినా ఇంతే.

రాజుగారు కొలిస్తే మాత్రం ముందువైపు గుట్టకు ఆవల మరో చిన్న బుడిపె లేచింది. ఏ సిద్ధాంతమూ చెప్పని బుడిపె. పేరున్న పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. మొదటి పేరు రాజుగారిది, రెండోది తబితది. ఆ బుడిపె ఎందుకొస్తోందన్నదే తబిత థీసిస్. అంతా బాగుందనుకుంటూ ఉండగా జర్మనీలో ఒకాయన అదే ప్రయోగం చేసి, మాకు బుడిపె కనపడలేదు, మీ అనలైజరు పలకలు ఏ స్థితిలో ఉన్నాయో కాస్త వివరంగా రాయండి అని మర్యాదగా మెయిలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే రబ్బరు సీలు పాడై యంత్రంలోకి గాలి లీకవుతుంటే పెట్టె విప్పారు. తబిత టార్చి వేసి చూసింది. లోపలి పలక కింది అంచున ఒక మచ్చ ఉంది.

ఇక పదండి.

మచ్చ తుప్పు కాదు. రాగికి పట్టే చిలుమూ కాదు. గుండ్రంగా వేలి కొసంత ఉంది. ఎండి అంచుల్లో పగుళ్ళిచ్చిన లేత పసుపు పొర, దాని నడుమ నల్లబడిన ఎరుపు. గంధం, కుంకం. ఈ నేల మీద పుట్టినవాళ్ళకి అదేమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

తబిత నిటారుగా నిలబడింది. అనలైజరు అంటే వంపు తిరిగిన రెండు రాగి పలకలు. వాటి మధ్య సందులోంచే ప్రోటాన్లన్నీ వెళ్ళాలి. పలకలకి ఎంత వోల్టేజి పెడితే ఎంత శక్తి ఉన్న ప్రోటాను ఆ వంపు తిరిగి బయటపడుతుందో, దాన్నిబట్టే కొలత. అందుకని పలకలు అద్దంలా శుభ్రంగా ఉండాలి. చేతి తొడుగు లేకుండా ముట్టుకుంటే రాజుగారు కేకలేస్తారు. ఎండిన గంధం కరెంటును పోనివ్వదు. దారి తప్పిన అయాన్లు దాని మీద వాలితే వాటి ఛార్జి రాగిలోకి దిగకుండా అక్కడే పేరుకుంటుంది. పేరుకున్న ఛార్జి పక్కనుంచి పోయే ప్రోటాన్లను పక్కకు నెడుతుంది. ఒక శక్తితో వచ్చిన ప్రోటాను ఇంకో శక్తితో వచ్చినట్టు లెక్కకెక్కుతుంది. లేని చోట బుడిపె లేస్తుంది.

ఆమెకు మొదట కోపం వచ్చింది, అదీ చంద్రరావు మీద. ఆ ప్రయోగశాలలో పంపులూ గ్యాసు సిలిండర్లూ చూసుకునేది ఆయనే. దసరాల్లో ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవరు మొదలుకుని పెద్ద పంపు దాకా దేన్నీ వదలకుండా బొట్లు పెట్టేదీ ఆయనే. తబిత ఏటా ఆ వేళకి గుమ్మం దగ్గర నిలబడి, ఇచ్చిన శనగలు తిని, గదంతా తుడవడానికి సాయం పట్టేది. పైన ఎన్ని బొట్లు పెట్టినా యంత్రానికి ఏమీ కాదు. కానీ లోపలా?

ఎదురుగా వెళ్ళి అడిగేసింది. చంద్రరావు సీలుకి గ్రీజు రాస్తున్నవాడల్లా ఆపి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"అది నేను పెట్టింది కాదండి," అన్నాడు. "పెట్టినావిడ లేరండి."

తర్వాత జరిగిందంతా మెల్లిగా, కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ చెప్పాడు. పలకలు తణుకులో లేతు షాపువాడు యంత్రం మీద మలిచి ఇచ్చాడు. అవి గుడ్డలో చుట్టుకుని వచ్చిన నాడే ఆయుధపూజ. నీలవేణి గారు అప్పటికే వైద్యంలో ఉన్నారు. జుట్టంతా ఊడిపోతే తలకి చీర చెంగు బిగించి కప్పుకుని, కారు దిగి ఒక్కరూ నడిచి వచ్చారు. ఆ యంత్రం కోసం మొగుడు ఎన్నేళ్ళు తిరిగాడో ఆవిడకంటే తెలిసినవాళ్ళు లేరు. పళ్ళెంలో గంధం తీసి, మీద కుంకం అద్ది, బల్ల మీదున్న పలకకి పెట్టేశారు. లోపలిదండి, వద్దండి అని చంద్రరావు అనబోయేలోపే అయిపోయింది. రాజుగారు నవ్వి, బిగించే ముందు తుడుద్దాంలే అన్నారు. కార్తీకం రాకుండానే ఆవిడ పోయారు.

బిగించేనాడు స్పిరిట్ గుడ్డ తీసుకుంటే రాజుగారు తన చెయ్యి పట్టుకుని ఆపారని చెప్పాడు చంద్రరావు. ఆ సంగతి ఆయన్ని అడగొద్దని తబితను బతిమాలాడు.

"ఇప్పుడు దాన్ని కదిపితే ఆయన తట్టుకోలేరండి, ఆయ్. పోనీ అక్కడే ఉండనివ్వండి."

తబితది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నోరు మూసుకుంటే థీసిస్ నిలుస్తుంది, డాక్టరేటు వస్తుంది, పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లి కృపారాణి ఆనందంతో ఏడుస్తుంది. నోరు విప్పితే బుడిపె పోవచ్చు, బుడిపెతో పాటు నాలుగేళ్ళ చదువూ పోవచ్చు. అంతటితో ఆగదు. తబిత అనే పేరున్న అమ్మాయి దసరా బొట్టును తప్పు పట్టిందని స్టాఫ్ రూములో అనుకుంటారు. తెలివి గురించి మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. ఇదంతా ఆమెకు క్షణంలో తోచింది. తోచాక కూడా ఆమె మెట్లెక్కి రాజుగారి గది వైపే నడిచింది. ఎందుకు నడిచిందని అడిగితే నేనేం చెప్పను? తెలిసిన తప్పును కడుపులో దాచుకుని తిరగడం కొందరికి చేతకాదు, అంతే.

బయట వాన కురుస్తోంది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. రాజుగారు కంప్యూటరు ముందు కూర్చుని జర్మనీకి జవాబు రాస్తున్నారు. తబితను చూసి కూర్చోమన్నారు. గ్యాసు ఒత్తిడి గురించీ, అయాన్ల వేగం గురించీ వాళ్ళు అడిగినవన్నీ రాసేశాననీ, ఒక్కటే మిగిలిందనీ అన్నారు. మిగిలింది ఏదో తబితకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

"లోపలి పలక మీద బొట్టు ఉంది సార్."

ఆయన కాదనలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఉందమ్మా. నాకు తెలుసు."

తర్వాత ఆయన క్లాసులో పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టారు. బొట్టు కింది అంచున ఉంది. ప్రోటాన్లు పోయే దారి దానికి బాగా ఎత్తులో ఉంది. అంత దూరానికి ఆ కాస్త ఛార్జి ప్రభావం చేరదు. ఆ లెక్కంతా వేసే ఉంచానన్నారు. భార్య గుర్తని కళ్ళు మూసుకుని వదిలేసే మనిషిని కాదు, నువ్వు నన్ను ఎరుగుదువు కదా అన్నారు.

ఎరుగుదును. అదే కదా బాధ, అనుకుంది తబిత.

"లెక్క తప్పని నేననట్లేదండి," అంది. "బొట్టు లేకుండా మనం ఒక్కసారన్నా కొలవలేదు. వాళ్ళు పలకలెలా ఉన్నాయని అడుగుతుంటే మనం ఏం రాస్తాం సార్? శుభ్రంగా ఉన్నాయని రాస్తే అబద్ధం. ఉన్నదున్నట్టు రాస్తే, తీసి చూశారా అంటారు."

ఆయన ముఖంలోకి రక్తం పొంగింది. ఆ మనిషికి కోపం రావడం తబిత చూడలేదని కాదు. విరిగిన స్విచ్చి మీదా, రాని కరెంటు మీదా, ఆడిటు వాళ్ళ మీదా చూసింది. తన మీద ఇదే మొదలు.

"బుడిపె పోతే నీ థీసిస్ పోతుంది. ఆలోచించావా?"

"ఆలోచించానండి."

"ఆలోచించావు," అన్నారాయన. తర్వాతి మాట అనకుండా ఉండాల్సింది. పుండు మీద చెయ్యిపడితే ఎంత మంచివాడి నోటికైనా అదుపుండదు. "నువ్వు బొట్టు పెట్టుకోవు. దాని సంగతి నీకేం తెలుస్తుంది? తుడిచెయ్యండి అనడం నీకు తేలికే."

ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. స్కూల్లో, బస్సులో, హాస్టల్లో ఇలాంటి మాటలు తబిత చాలా విన్నది, విని దులిపేసుకుంది. ఈయన నోటి నుంచి వినడానికి మాత్రం సిద్ధంగా లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

వాళ్ళ నాన్న పోయిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. చర్చి వాళ్ళు పాటలు పాడుతున్నారు. పక్క వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారంటే అందరికీ గౌరవం. అందులో ఒక పెద్దావిడ, చెడ్డదేమీ కాదు, జాలిపడుతూనే పక్కావిడతో అంది, ఈవిడకి చెరపడానికి బొట్టన్నా లేదు కదమ్మా అని. కృపారాణి విన్నది. అప్పుడేమీ అనలేదు. సమాధి మీద పూలు వాడిపోయాక, ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ అంది.

"మా అమ్మ ఒక్క మాటందండి," అంది తబిత. "చెరపడానికి నాకేమీ లేదు కాబట్టి, పోయిందేమీ లేదనుకుంటున్నారే వీళ్ళు, అందండి. మా ఇంట్లోనూ ఒక మనిషి పోయారు సార్. నాకు తెలీదనకండి."

రాజుగారు తల దించుకున్నారు. వయసులో, చదువులో, కులంలో, ఊళ్ళో పలుకుబడిలో ఆయన ఎక్కడున్నారో, బల్లకు ఇవతల ఈ పిల్ల ఎక్కడుందో లోకం ఎప్పుడో లెక్కకట్టి పెట్టింది. ఆ లెక్క ఆ గదిలో ఆ కాసేపు పనికిరాలేదు. సిగ్గుపడ్డ మనిషి ముఖం తబిత ముందే చూసింది గానీ, పెద్దవాళ్ళలో ఇంత తేటగా చూడలేదు.

"తప్పు మాటన్నాను తబితమ్మా," అన్నారు చివరికి. "పెట్టె మూయొద్దని చంద్రరావుకి చెప్పు."

మర్నాడు ఉదయం ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. స్నానం చేసి వచ్చినట్టు జుట్టు తడిగా ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు బొట్టును ఫోటో తియ్యమన్నారు. పక్కన స్కేలు పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసింది తబిత. అది అంచుకి ఎంత దూరంలో ఉందో కొలిచారు. ప్రయోగశాలలో దేన్నైనా మార్చే ముందు ఇదంతా చెయ్యాల్సిందే. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం పోయినవాళ్ళకి చివరి స్నానం చేయించే ముందు నిలబడ్డట్టు ముగ్గురూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

గుడ్డ మీద స్పిరిట్ పోసి చంద్రరావు వైపు చాపారు రాజుగారు. చంద్రరావు రెండడుగులు వెనక్కి వేసి, తన వల్ల కాదన్నట్టు తలాడించాడు. పుణ్యస్త్రీ పెట్టిన బొట్టు అది. ఆ చేతుల అన్నం తిన్నవాడు.

ఆయన తబిత వైపు చూశారు. నిన్నటి మాట మళ్ళీ అనలేదు, అడగనూ లేదు. అయినా ఆ చూపులో ప్రార్థన లాంటిదేదో ఉంది. తబిత చెయ్యి చాపితే ఆయన గుడ్డ ఇచ్చేసేవారే. ఆమెకు పట్టింపు ఉండదనీ, దోషం అంటదనీ ఆ ఊళ్ళో ఎవరైనా సమాధానపడతారు.

"నేను తుడవను సార్," అంది తబిత. "అది నాది కాదండి."

రాజుగారు తలూపారు. తొడుగులు వేసుకుని పెట్టె మీదికి వంగారు. వంగి ఆగిపోయారు.

"ముత్తైదువగానే పోయింది," అన్నారు, ఎవరితోనో కాదు, పెట్టెలోకే. "పసుపూ కుంకంతోనే పంపాం. దాని బొట్టు ఎవరూ చెరపలేదు. ఆడదాని బొట్టు మొగుడు పోతే చెరుపుతారు. ఇదేంటో, నా చేత్తో నేనే."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యి కదిలింది. ఎండిన గంధం ఒక్కసారికి రాలేదు. పట్టి ఉన్న చోట కాస్త నానబెట్టాల్సి వచ్చింది. రెండోసారి రుద్దితే పెచ్చుగా లేచింది. గుడ్డ మీద పలచటి ఎర్ర జీర పడింది. ఇంకో గుడ్డ అడిగారు. అది తెల్లగా వచ్చేదాకా తుడిచారు. చంద్రరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తబిత కళ్ళు తిప్పుకోలేదు. చూడటం కష్టంగానే ఉంది, కానీ ఆయన్ని ఒంటరిగా వదిలెయ్యడం ఇంకా కష్టమనిపించింది. నాన్న పోయిన రోజు అమ్మ వైపు అలా చూస్తూ కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.

పలక ఎండాక పెట్టె బిగించారు. గాలి తోడే పంపు మొదలైంది. వానాకాలపు చెమ్మ లోహానికి పట్టుకుని ఓ పట్టాన వదలదు. గాలి పూర్తిగా పోయేవరకు రోజుల తరబడి ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. ఆ రోజుల్లో రాజుగారు క్లాసులకు వెళ్ళారు, పరీక్ష పేపర్లు దిద్దారు, తోడల్లుడి కూతురి నిశ్చితార్థానికి వెళ్ళి వచ్చారు. జర్మనీకి జవాబు వెళ్ళలేదు. తబిత ఇంటికి ఫోను చేసి, థీసిస్ ఆలస్యం కావచ్చని తల్లికి చెప్పింది. ఎందుకని కృపారాణి అడగలేదు. అన్నం సరిగ్గా తింటున్నావా అని మాత్రం అడిగింది. ఫోను పెట్టేశాక తబిత హాస్టలు గదిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. బుడిపె ఉండాలని అడగడానికి మనసొప్పలేదు, పోవాలని అడగడానికి నోరు రాలేదు. నీ చిత్తం అని ఊరుకుంది.

చివరికి అయాన్లను వదిలే రోజు వచ్చింది. కరెంటు పోతుందేమోనని ఉదయం నుంచీ భయం, పోలేదు. యంత్రం ఒక చిన్న మూలుగుతో లేచింది. వాయువు వదిలారు. తబిత కంప్యూటరు ముందు కూర్చుని పలకల మీది వోల్టేజిని కొంచెం కొంచెంగా పెంచుతోంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఎన్ని ప్రోటాన్లు వచ్చాయో లెక్క పడ్డాక ముందుకు పోవాలి. రాజుగారు తెర వైపు చూడలేదు. కిటికీ దగ్గర స్టూలు మీద, కాలవ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. నువ్వే చూసి చెప్పమ్మా అన్నారు.

ముందుగా వెనక్కి తోసుకున్న ముక్కల గుట్ట లేచింది. ఎప్పుడూ లేచినట్టే లేచింది. తర్వాత పల్లం. తర్వాత ముందుకు తోసుకున్న ముక్కల గుట్ట. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆ గుట్ట వాలు దిగుతూ ఉండగా తబిత కుర్చీ ముందుకు లాక్కుంది. బుడిపె లేచేది ఇక్కడి నుంచే. చుక్కలు కిందికి దిగుతున్నాయి, ఇంకా దిగుతున్నాయి. నేలకు అంటుకుపోతాయనుకుంది. థీసిస్ పోయింది, అనుకుంది. అనుకోగానే గుండె తేలికపడటం చూసి తనకే ఆశ్చర్యమేసింది.

అప్పుడు ఒక చుక్క కాస్త పైకి పడింది.

అదాటున పడిందేమో అనుకుంది. ఇలాంటివి పడుతుంటాయి. తర్వాతిది ఇంకాస్త పైన పడింది. ఆ తర్వాతిది ఇంకా పైన. తబిత ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ చోటునే మళ్ళీ కొలిచింది. ఇంకోసారి కొలిచింది. పాత గ్రాఫు తెరిచి కొత్తదాని మీద పెట్టి చూసింది. రెండు గీతలూ ఒకటైపోయి కలిసి నడిచాయి. బుడిపె ఉంది. ఉన్నచోటే ఉంది. వెంట్రుకవాసి తగ్గలేదు.

ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. థీసిస్ నిలిచింది. పేరు నిలిచింది. తబిత మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. ఏ పాపమూ ఎరుగని బొట్టును తను అనుమానించింది. తన మాట మీద ఆయన దాన్ని చేతులారా చెరిపేశారు. మళ్ళీ పెట్టడానికి ఆ మనిషి లేదు. ఫోటోలు రెండు మిగిలాయి, పక్కన స్కేలుతో సహా.

"పోయిందా?" అని అడిగారు రాజుగారు, కిటికీ వైపే చూస్తూ.

"లేదు సార్. ఉంది. అలాగే ఉంది."

ఆయన సంతోషిస్తారనుకుంది. లేకపోతే ఏడుస్తారనుకుంది. నన్ను తిట్టినా పడాలనుకుంది. ఆయన ఇవేవీ చెయ్యలేదు. స్టూలు మీంచి లేచి, తెర దగ్గరికి వచ్చి, వంగి చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ ముఖం పాలిపోయింది.

"ఉండకూడదే," అన్నారు.

తబితకు అర్థం కాలేదు. బొట్టు ప్రభావం దారిదాకా చేరదని ఆయనే కదా చెప్పారు, లెక్క వేసే చెప్పారు కదా అని నెమ్మదిగా గుర్తుచేసింది.

"లెక్క వెయ్యలేదమ్మా," అన్నారు రాజుగారు. "వేస్తే ఏం తేలుతుందో తెలుసని వెయ్యలేదు. మొదటిసారి ఆ బుడిపె చూడగానే ఇది నీలవేణే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. అబద్ధమని తెలిసే ఆ వ్యాసం అచ్చుకి పంపాను. దాని పక్కన నీ పేరు పెట్టాను."